ఉడుకునీళ్ల పైపు

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచిపోయే రకం నేను. వనపర్తిలో పిల్లలకు సైన్సు చెప్తాను. ప్రతి చప్పుడుకూ ఏదో కారణం ఉంటుందని నమ్మేదాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

బిజినేపల్లి దగ్గర మా ఊరు. ఇంట్లో అమ్మ, నేను. మా నాయిన బతుకంతా వలస పనులకే పోయింది. ఎక్కడెక్కడి డ్యాముల దగ్గరో మట్టి పని చేసి, వానలు పడ్డాక ఇంటికి వచ్చేవాడు. ఉన్నన్నాళ్లూ పొద్దున్నే పెరట్లో అమ్మకు నీళ్లు కాగబెట్టేవాడు. ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పొయ్యి మీది డ్రమ్ము నుంచి స్నానాలగది దాకా ఇనుప పైపు కూడా తనే బిగించాడు.

పని జాగాల్లో అన్నాలవేళ అయిందంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్కను కొడతారట. నాయిన ఆ అలవాటును ఇంటికీ తెచ్చాడు. నీళ్లు కాగితే చాలు, పైపు మీద రెంచీతో మూడు దెబ్బలు. రెండు వెంటవెంటనే, కాస్త ఆగి మూడోది. ఆ మోత వింటూ దుప్పట్లో ఇంకాస్త ముడుచుకోవడం ఎంత హాయిగా ఉండేదో! ఆ వానాకాలాలు మళ్లీ రావు.

నాయిన పోయాక పొయ్యి పని అమ్మ మీద పడింది. పైపు ఇప్పటికీ మోగుతోందని అనేది. నాకు ఒక్కసారీ వినబడలేదు. వయసు మీద పడి ఏదో భ్రమపడుతోంది అనుకున్నాను.

పోయినేడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. ఇక లాభం లేదని కాగితం మీద గీసి చూపించాను: మిద్దె మీద పెద్ద ట్యాంకు, సోలార్ హీటర్, ఇల్లంతా కొత్త పైపులు. ట్యాంకుకు ఒప్పుకుంది. హీటర్‌కూ ఒప్పుకుంది. పాత పైపు దగ్గర మొండికేసింది.

"అది తీస్తే మీ నాయిన నన్నెట్ల పిలుస్తడే?"

"గాలి పట్టింటది పెద్దమ్మా. ఇనుప పైపులు గిట్లనే మోగుతయి" అన్నాడు ప్లంబర్.

నాకు కావలసిన కారణం దొరికింది. అమ్మ నాగర్‌కర్నూల్ దవాఖానకు వెళ్లిన రోజు చూసి పైపు పీకించేశాను. పాత సామాన్ల బండికి వేసేశాను కూడా.

ఆమె వచ్చి, గోడ మీద మిగిలిన గుర్తులు చూసింది. వాటిని చేత్తో తడిమి, లోపలికి వెళ్లి పడుకుంది. తిట్టినా బాగుండేది. నల్లా తిప్పితే ఉడుకునీళ్లు వస్తున్నా మధ్యాహ్నం దాకా మంచం దిగేది కాదు. అన్నం సగం వదిలేసేది. చేజేతులా అమ్మను పోగొట్టుకుంటున్నానని భయమేసింది.

తొమ్మిదో రోజు ఆదివారం. బాగా తెల్లవారింది, ముసురు పట్టింది. వంటింట్లో చాయ్ పెడుతున్నాను. మోత వినబడింది. ఇనుము మీద ఇనుము. రెండు, కాస్త ఆగి మూడోది.

పెరట్లోకి ఉరికాను. ఎవరూ లేరు. కరెంటు లేదు, మోటారు ఆడటం లేదు. పక్కింటికి తాళం. గోడ పొడవునా ఉన్నవి ప్లాస్టిక్ పైపులే. చేతిలోని గరిటెతో కొట్టి చూస్తే మొద్దు చప్పుడు వచ్చింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ, భుజాన తువ్వాలతో.

"నీకూ ఇనబడ్డదా?"

తల ఊపాను.

"ఇన్నొద్దులు నాకే మతి తప్పిందనుకున్నవు గదా" అని, కళ్లు తుడుచుకుంటూ స్నానానికి వెళ్లింది. నేను వానలో నిలబడి ఏడ్చాను.

ప్లంబర్‌ను పిలిపించి అంతా చూపించాను. "నాకైతే తెల్వదక్కా" అన్నాడు. నాకూ ఇప్పటికీ తెలియదు. ఆ మోత నేను మళ్లీ వినలేదు. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే లేచి స్నానానికి వెళుతోంది. ఆమెకు వినబడుతోందా అని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పైపు పీకించినదాన్ని, అడిగే మొహం నాకు లేదు.