చిన్నమెదడుకు ఆముదం

మొన్న బళ్ళారి బజారులో గానుగ నూనె అంగడి ముందు స్కూటర్ ఆపగానే ఆముదం వాసన కొట్టింది. తెలియకుండానే నా చెయ్యి తల వెనక్కి పోయింది. అక్కడ మా అవ్వ బొటనవేలు ఇంకా ఉన్నట్టే అనిపించింది.

ఐదో తరగతికి వచ్చినా నాకు సైకిల్ తొక్కడం రాలేదు. మోకాళ్ళు పగిలాక ఇక ఎక్కనని మొండికేశాను. అదే వారం బడిలో టీచర్, తల వెనక అడుగున చిన్నమెదడు ఉంటుందని, మనం తూలి పడకుండా చూసేది అదేనని చెప్పింది. నాకు కారణం దొరికింది. అవ్వ ఎప్పుడూ ఆముదమంతా మాడు మీదే పోసి తట్టేది. అదంతా పెద్దమెదడే తాగేస్తోంది, కింద ఉన్నదానికి చుక్క కూడా దిగడం లేదు!

అవ్వకు అదే చెప్పాను. ఆమె నవ్వలేదు.

"అయ్యో, ఇన్నాళ్ళూ దాన్ని పస్తు పెట్టినామా! యాడ ఉండాది, చూపియ్."

చూపించాను. రోజూ పొద్దున అక్కడ బొటనవేలితో ఆముదం రుద్దేది. సాయంత్రం "ఇప్పుడు దానికి బలమొచ్చింటాది, ఎక్కు పాపా" అనేది. జన్మలో సైకిల్ ఎక్కని మనిషి, చీర ఎగ్గట్టి, క్యారియర్ పట్టుకుని సందంతా నా వెనక పరిగెత్తేది. ఇంకా నాలుగైదుసార్లు పడ్డాను గానీ, సైకిల్ వచ్చేసింది.

కాలేజీలో చేరాక, నూనె పుర్రె దాటి లోపలికి పోదని, చిన్నమెదడు పడి లేచే నేర్చుకుంటుందని, ఏదో కనిపెట్టినదానిలా అవ్వకు చెప్పాను.

"నూనె పోదని నాకు అప్పుడే తెల్సు లేమ్మా," అంది. "నువ్వు మళ్ళీ సైకిల్ ఎక్కాల గదా."