గుమ్మం దాటిన గిరాకీ

లండన్‌లో చదువుకుంటూ ఒక బట్టల దుకాణంలో పార్ట్‌టైమ్ పనికి వెళ్లాను. మొదటిరోజు పని చూశాకే ఉంచుకునేదీ లేనిదీ చెబుతానంది మేనేజరమ్మ. గోదావరిఖనిలో మా నాన్న బట్టల కొట్లో పెరిగినవాడిని, నాకొకరు నేర్పేదేముందని ధీమాగా ఉన్నాను.

ఒక పెద్దాయన స్వెటర్ తడిమి, ధర చూసి, అక్కడే పెట్టేసి బయటికి నడిచాడు. మా ఊళ్లో గిరాకీ అలా వెళ్తుంటే వెనక్కి పిలవడం మర్యాద. పరుగెత్తి "సార్, ఆగండి" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. సంచి తెరిచి, జేబులు బయటికి లాగి చూపించాడు.

అక్కడే పనిచేసే, మా ఊరి దగ్గరి మందమర్రి నుంచి వచ్చిన అక్క ఉరికొచ్చింది. "ఏంది తమ్మీ, గట్ల ఎంటబడ్తవు? ఈడ ఎంటబడ్డమంటే దొంగ అన్నట్టే. నీ నౌకరి పాయె ఇగ."

ఆయనకు క్షమాపణ చెప్పి మా బేరాల పద్ధతి వివరించాను. ఆయన ముఖం వెలిగింది. లోపలికొచ్చి స్వెటర్ పట్టుకుని, "అయితే ఎంతకిస్తావు?" అన్నాడు.

మేనేజరమ్మ చూస్తోంది. బుద్ధెరిగాక మొదటిసారి "ఒకటే ధర" అన్నాను.

ఆయన మళ్లీ గుమ్మం వైపు కదిలాడు. ఈసారి నెమ్మదిగా, పిలుస్తానేమోనని వెనక్కి చూస్తూ. అక్క నా కాలు తొక్కిపట్టబట్టి నౌకరీ మిగిలింది.