కాయ దిగాక

మా జమ్ముకుంట పరిరక్షణ కమిటీ అధ్యక్షుడు కోటేశ్వరరావు ఇప్పటిదాకా ఏ వేసవిలోనూ మామిడికాయలు కోయించడం తప్ప ఇంకో పని చేసి ఎరగడు. ఒక ఏప్రిల్‌లో పన్ను నొప్పి పట్టుకుంటే జూన్ దాకా చెంపకి తుండుగుడ్డ కట్టుకుని తిరిగి, చివరికి రెండు పళ్ళు పీకించుకున్నాడు. అత్తగారికి కంట్లో శుక్లాలు ముదిరితే ఆవిడ రెండు నెలలు గోడ పట్టుకుని నడిచింది. ఎవరేమడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు: "కాయ దిగాక చూద్దామండీ." యముడొచ్చినా కాయ దిగాక రమ్మంటాడని మా కాలనీలో నవ్వుకుంటారు. ఆ నవ్వేవాళ్ళూ అదే బాపతు. నూజివీడు చుట్టుపక్కల పెళ్ళిమాటలు, ఆస్తి పంపకాలు, ఇంటికి సున్నాలు, అన్నీ చెట్టు మీది కాయ కిందికి దిగాకే.

ఆయన తండ్రి ముసునూరు తోటల్లో కాయ కోసే ముఠాకి మేస్త్రీ. ఈయన పన్నెండో ఏట చిక్కం కర్ర పట్టాడు, ముప్ఫయ్యో ఏటికి సొంతంగా తోటలు కొనే వ్యాపారి అయ్యాడు. చెట్టు కింద నిలబడి తొడిమ దగ్గర భుజం చూసి, ఈ కాయ ఎన్ని రోజుల్లో పండుతుందో చెప్పేస్తాడు. అది విద్యే, కాదనను. తనకున్నది ఆ ఒక్క విద్యేనని ఆయనకి తెలియకపోవడమే మా ఖర్మ. పొట్టేమో ముందుకు, మాటేమో ఇంకా ముందుకు. మా కాలనీలో పెద్ద ఇల్లు, రోడ్డు మీద గోడౌను, ఇంటి ముందు ఇన్నోవా ఉన్నాయి కాబట్టి ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశాం. చేసింది మేమే.

జమ్ముకుంట అంటే మా కాలనీకీ, దిగువన ఉన్న మామిడి తోటలకీ మధ్య ఉన్న పదకొండెకరాల పల్లం. ఎవరో తాతల నాటి పట్టా. వానాకాలం గుట్ట మీది నీళ్ళన్నీ వచ్చి అందులో చేరతాయి. జమ్ము మొలుస్తుంది, కొంగలు దిగుతాయి. వేసవికి ఎండిపోయి ఉత్త బీడులా కనిపిస్తుంది. కానీ ఆ నీరే ఇంకి ఇంకి దిగువ తోటల్లో బోర్లని బతికిస్తుంది. కుంట కట్టని ఆనుకుని మూడున్నర ఎకరాల రసాల తోట వెంకాయమ్మది. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ తోట తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదు, ఆ బోరు తప్ప తోటకి వేరే ఆధారం లేదు.

ఆ కుంటని కొని, పూడ్చి, ప్లాట్లు వేస్తామని ఒక కంపెనీ వచ్చింది. వెంచర్ పేరు లేక్ వ్యూ గార్డెన్స్. ఉన్న నీళ్ళని పూడ్చిపెట్టి నీళ్ళు కనిపిస్తాయని పేరు పెట్టడానికి ఎంత సిగ్గు వదిలెయ్యాలో నాకు తెలియదు. దానికి మేనేజరు ఉదయ్ కిరణ్ అని మా ఊళ్ళో పుట్టినవాడే.

ఫిబ్రవరిలో కోటేశ్వరరావు గోడౌనులో కమిటీ పెట్టాం. అధ్యక్షుడు కాక నలభై రెండు మంది సభ్యులు. కార్యదర్శిని నేను, రిటైరైన తెలుగు మేష్టార్ని. ఉప్మా తిన్నాం, శాలువాలు కప్పుకున్నాం. పర్యావరణం అనే మాటని ఆ రోజు ఎన్నిసార్లు పలికామో లెక్కలేదు. లోపల ఎవరి భయం వాళ్ళది. కుంట పూడిస్తే నీళ్ళు మా వీధిలోకి వస్తాయని కొందరికి, అన్ని కొత్త ప్లాట్లొస్తే తమ ప్లాటు రేటు పడిపోతుందని ఎక్కువమందికి. కొంగల మీద ప్రేమ మాత్రం ఎవరికీ లేదు.

"నా ప్రాణం అడ్డేసైనా కుంటని కాపాడతానండీ!" అన్నాడు అధ్యక్షుడు. పేపర్లో ఫొటో పడింది. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు. ఆ సామెత పిల్లలకి ముప్ఫయ్యేళ్ళు చెప్పిన నేను కూడా గట్టిగా చప్పట్లు కొట్టాను.

పంచాయతీ గోడ మీద నోటీసు ఏప్రిల్ ఇరవై నాలుగున అంటించారు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా నూజివీడు ఆర్డీవో ఆఫీసులో రాసివ్వాలి, గడువు దాటితే చెల్లవు. ఉదయ్ కిరణ్ తండ్రి కూడా ఒకప్పుడు మామిడి వ్యాపారే. నోటీసుకి అతను పంచాంగం చూసి ముహూర్తం పెట్టలేదు, తోటలు చూసి పెట్టాడు. అప్పటికి బంగినపల్లి కోత మొదలైంది, వెనకే రసాలు, ఆ వెనక కలెక్టరు కాయ. కాలనీలో మనిషన్నవాడు లేడు. అందరూ తోటల్లోనో, హనుమాన్ జంక్షన్‌లో లారీల దగ్గరో ఉన్నారు.

నేను రెండు పేజీల అర్జీ రాసి గోడౌనుకి తీసుకెళ్ళాను. కోటేశ్వరరావు ట్రేల మధ్య నిలబడి కాయలు వేరు చేయిస్తున్నాడు.

"అక్కడ పెట్టండి మేష్టారూ. సంతకమేగా, కాయ దిగాక పెడతా."

"గడువు నెలరోజులేనండీ."

"ఆఫీసెక్కడికీ పారిపోదులెండి. కాయైతే కుళ్ళిపోద్ది."

సంతకం నేనే పెట్టి నేనే ఇచ్చి రావచ్చు. కానీ అధ్యక్షులవారి సంతకం లేనిదే అర్జీకి నిండుదనం రాదనిపించింది. భాష చదువుకున్నవాడికి నిండుదనం మీద మోజు ఎక్కువ.

ఆ సంతకం పెట్టి కుంటని ఆపమని అడగడానికి వెంకాయమ్మ మూడుసార్లు గోడౌనుకి వెళ్ళింది. ఆవిడ ఆయన్ని గట్టిగా అడగలేదు, దానికీ మా వైపు ఆనవాయితీ ఒకటుంది. పూత మీదే తోటని వ్యాపారికి అమ్మేస్తే, ఆఖరి కాయ కోసేదాకా తోట అతనిదే. సొంతదారు ఆవకాయకి నాలుగు కాయలు కావాలన్నా అతన్ని అడగాల్సిందే. ఆవిడ తోట ఇరవయ్యేళ్ళుగా కోటేశ్వరరావుకే. మూడోసారి వెళ్ళినప్పుడు ఆయన ఒక బుట్ట రసాలు ఆవిడ చేతిలో పెట్టాడు. "తింటూ ఉండండి వెంకాయమ్మగారూ, కాయ దిగాక నేనే వస్తా" అన్నాడు. ఆవిడ కాయలే ఆవిడకి దానం చేసి, చేయి దులుపుకున్నాడు.

గడువు ఇంకో రోజుందనగా ఆవిడ మా ఇంటికొచ్చింది.

"మేష్టారూ, ఆ కాగితం మీరు రాసిందేగా. నా పేరు మీద ఇంకోటి రాసివ్వండి. నేనే పట్టుకెళ్తా."

రాసిచ్చాను. "మీరూ రాకూడదా?" అంది. బయట నలభై నాలుగు డిగ్రీలుంది. "ఎండ కదమ్మా" అన్నాను.  ఐదో తరగతి చదువుకున్న మనిషి ఒక్కతే బస్సెక్కి వెళ్ళి, అర్జీ ఇచ్చి, స్టాంపు వేయించుకుని, రసీదు కొంగున కట్టుకుని వచ్చింది.

జూన్ మధ్యలో కాయ దిగింది. కోటేశ్వరరావు తలంటుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, నలభై రెండు మందినీ వెంటేసుకుని ఆఫీసుకి బయల్దేరాడు. ముందు ఫ్లెక్సీ, వెనక డప్పులు. నా అర్జీ మామిడి సొన మరకలతో ఉంది, దాని మీద ఆయన సంతకం మాత్రం కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వినడమే గాని, డప్పులతో పట్టుకోవడం అప్పుడే చూశాను.

గుమస్తా తారీఖు చూసి కాగితం వెనక్కి తోశాడు. గడువు దాటి మూడు వారాలైంది.

"కాయ దిగకుండా ఎట్టా వస్తామండీ?" అన్నాడు కోటేశ్వరరావు. అది దబాయింపు కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. నా వెనక నలభై మంది తలలూపారు.

గుమస్తా ఉత్తర్వు చదివి వినిపించాడు. గడువులోగా ఒకే ఒక్క అభ్యంతరం అందినందున, స్థానికుల్లో చెప్పుకోదగ్గ వ్యతిరేకత లేదని భావించి అనుమతించడమైనది. నలభై మూడు మందిమి ఆ ఒక్క మనిషి వెనక నిలబడి ఉంటే ఆ వాక్యం రాయడానికి వాళ్ళకి వీలుండేది కాదు. బయటికొచ్చి ఫొటో దిగాం. అదీ పేపర్లో పడింది.

జూలైలో టిప్పర్లొచ్చాయి. దసరాకి జమ్ముకుంట ఎర్ర గ్రావెల్ మైదానమైంది. అక్టోబరు వానకి గుట్ట మీది నీళ్ళు ఎప్పట్లాగే దిగాయి. నీరు పల్లమెరుగునంటారు, పల్లం లేకపోయేసరికి కోటేశ్వరరావు గోడౌనుని వెతుక్కుంటూ వెళ్ళి మోకాలి లోతున నిలబడ్డాయి. ఆయన మునిగిన ట్రేలు చూసి ప్రభుత్వాన్ని తిట్టాడు.

జనవరిలో తోటలు విరగబూశాయి. వెంకాయమ్మ తోట మాట్లాడుకోవడానికి వెళ్తూ ఆయన నన్ను కూడా రమ్మన్నాడు.

"మీ మాట వింటుందండీ మేష్టారూ."

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ నాకు చెప్పుకోబుద్ధి కాదు. పూత వాసనకి తోటంతా మత్తుగా ఉంది. ఆవిడ మోటారు గది ముందు కూర్చుని ఉంది. పైపులోంచి కాసేపు నీళ్ళు, కాసేపు గాలి వస్తున్నాయి.

"పూత బ్రహ్మాండంగా ఉందండీ వెంకాయమ్మగారూ. ఎప్పట్లాగే మాట అనేసుకుందామా?"

"ఈ ఏడు పూత మీద అమ్మట్లేదండీ."

"మరెప్పుడు?"

"కాయ దిగాక చూద్దాం."

ఆయన పెద్దగా నవ్వాడు. "భలేవారే! కాయ దిగాక నేను కొనేదేముంటదండీ? ముందు పిందెకి మూడు తడులు పెట్టాలిగా? మీ బోరులో నీళ్ళు..." అంటూ అప్పుడు చూశాడు పైపు వంక. తొడిమ చూసి కాయ వయసు చెప్పేవాడికి ఆ పైపు ఇంకెన్నాళ్ళో తెలియకుండా ఉండదు.

"నేను మీ గోడౌనుకి మూడుసార్లొచ్చి అడిగింది అదేనండీ" అంది వెంకాయమ్మ.

ఆయన సెల్‌ఫోన్ తీసి దాంట్లో ఏదో వెతకసాగాడు. ఆవిడ నావైపు తిరిగింది. నేను ఒక పెద్ద రసం చెట్టు కింద నిలబడి ఉన్నాను.

"మేష్టారూ, ఆ రోజు ఎండన్నారు. ఇవాళ నీడగా ఉందని వచ్చారా?"

 ఆవిడ లేచి మోటారు ఆపింది.