లామీన్ బాబాయి పూడ్చిన లోటు

దేశానికి లోటని నోరు కట్టుకున్న మనిషి ట్యునీషియా మొత్తానికి ఒక్కడే, మా గాబెస్ ఊరి లామీన్ బాబాయి. విదేశాల నుంచి మనకు వచ్చే సొమ్ముకంటే మనం వాళ్లకు కట్టేదే ఎక్కువని రేడియో ఏటా చెప్పేది. ఊరంతా విని ఊరుకునేది. ఈయన మాత్రం అది తన జేబుకు పడ్డ చిల్లే అనుకున్నాడు.

రేవులో దిగే సరుకు ముప్పై ఏళ్లు చూసి రిటైరయ్యాడేమో, ఏది కనబడినా ఒకటే ప్రశ్న: "ఇది ఎక్కడి నుంచి దిగింది?" నా పెళ్లిలో అరటిపళ్ల గురించి అడిగాడు, నా మెడలో టై గురించి అడిగాడు. ముందు పన్ను ఊడితే, డాక్టరు పెట్టబోయే కట్టుడు పన్ను గురించీ అడిగాడు. జర్మనీదట. లేచి వచ్చేశాడు. అప్పటినుంచి ఆ సందు అలాగే ఉంది.

రోజూ నా కాఫీకొట్టుకు వచ్చేవాడు గాని నా కాఫీ ముట్టేవాడు కాదు. వెనక వీధి మబ్రూకా అక్క ఖర్జూరపు గింజలు వేయించి దంచిన పొడి తెచ్చుకుని, నా వేడినీళ్లలోనే కలుపుకునేవాడు. పైగా పక్క బల్లలవాళ్లను దేశం పరువు తీస్తున్నారని సతాయించి, వారానికి పది పొట్లాలు అంటగట్టేవాడు. నా నోట్లో మన్ను కొడుతున్నావని దెప్పినా చలించేవాడు కాదు.

మొన్న వేసవిలో టూరిస్టులు ఎగబడ్డారు, ఫ్రాన్సులోని మనవాళ్లు డబ్బు బాగా పంపారు. ఈసారి లోటే లేదంది రేడియో. సంబరంగా బాబాయికి అసలు కాఫీ పోశాను. ఆయన కప్పు ఎత్తేలోగా మబ్రూకా అక్క వచ్చింది. భర్త పోయాక ఎవరు రొట్టె పంపినా తిప్పి పంపిన మనిషి.

"రేడియో విన్నానన్నా. దేశానికి గండం గడిచిందిగా, ఇక గింజలు వేయించను. అవసరం లేకుండా కొంటే అది దానమే."

బాబాయి కప్పును నా వైపు నెట్టేశాడు.

"లోటు పోయిందని ఎవరన్నారమ్మా? చుట్టం ఊరెళ్లింది, అంతే. చలికాలానికి మూటతో సహా దిగుతుంది. ఇప్పుడు నువ్వు చెయ్యి దించావంటే దేశం మునుగుతుంది."

అయితే రేపు రెండు కిలోలు దంచుతానంటూ అక్క వెళ్లిపోయింది.

"ఆ పొడి నీకు నిజంగా ఇష్టమేనా బాబాయ్?" అన్నాను.

"పదేళ్లుగా కడుపులో మంట. ఆ కప్పు ఇలా జరుపు."

తలుపుకు వీపు పెట్టి గటగటా తాగేశాడు. ఆ ముసలాయన మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది.

చలికాలంలో లోటు మళ్లీ వచ్చిందని రేడియో చెప్పిన రోజు, దేశం మొత్తంలో ఖర్జూరాలు పంచిపెట్టింది ఆయనొక్కడే. పంటి సందు కనబడేలా నవ్వుతూ నా చేతిలోనూ నాలుగు పెట్టాడు.

"ఇవి ఎక్కడి నుంచి దిగాయి బాబాయ్?"

"మన చెట్టు మీది నుంచే. తిను. గింజలు మాత్రం పారెయ్యకు."