లారీ మీది సినిమామెకి అమ్మ ఇచ్చిన తెల్లచీర

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే నా మనవరాలు ఫోనులో రాస్తోంది. పొద్దున ఈ పిల్లే వరద బాధితులకి చీరలు పంచుతున్న ఒక సినిమా నటి ఫొటో చూపించింది. కింద అందరూ "ఫొటోల కోసమే" అని రాశారంట. కడుపు మండింది నాకు.

మా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటది. తుఫానొస్తే సినిమావాళ్ళు లారీలెక్కి ఊరూరా జోలె పట్టేవాళ్ళు. అలా ఒకామె మా నందిగామ వచ్చింది. ఎండకి మొహం కమిలిపోయి, గొంతు పోయి, కొంగు చాపి నిలబడింది.

మా అమ్మ మిరపకాయ కోతలకి పోయే కూలిమనిషి. ఇంటికి పరిగెత్తి రేకుపెట్టె తీసింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. చర్చిలో పెళ్ళినాడు కట్టుకున్న తెల్లచీర బయటికి తీసింది. తను పోయాక అదే కట్టి సమాధి చెయ్యాలని దాచుకున్న చీర అది. "వద్దే అమ్మా" అని కాళ్ళకి అడ్డంపడి ఏడ్చా.

"ఇది పెళ్ళిచీరలా ఉందమ్మా, ఉంచుకో" అంది ఆ నటి, అమ్మ లారీ దగ్గరికి తెచ్చి ఇస్తే.

"కట్టుబట్టలతో మిగిలిన ఆడపిల్లలున్నారంటున్నావుగా. తీసుకో తల్లీ."

ఆమె దాన్ని బట్టల కుప్పలో వెయ్యలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను చూశా.

రెండేళ్ళకి అమ్మ పోయింది. పొలానికి కట్టుకెళ్ళే మాసికల చీరలోనే పంపాం. ఆ నటిని చాలా ఏళ్ళు తిట్టుకున్నా. అమ్మ ఒక్కనాడూ తిట్టలేదు. మంచంలో ఉండి కూడా నన్ను అడిగింది, "ఆ చీర ఏ పిల్ల కట్టుకుందో, నప్పిందంటావా?"

నేను మొహం తిప్పుకున్నా. నప్పే ఉంటదమ్మా అని ఒక్క మాట అనలేకపోయా.