బావకు నేను పెట్టిన కీ.శే.

మే 12, ఆదివారం. రుద్రంగి, పెద్దక్క ఇల్లు. హాజరైనవారు: పెద్దక్క, బావ, వాళ్ల కొడుకు, కోడలు, మా ఆవిడ, పక్కింటి దంపతులు. ఎండ ఎక్కువ. కరెంటు ఉంది.

ఆనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. (రాసినవాణ్ని హాజరు పట్టీలో వేసుకునే అలవాటు అప్పటిదాకా నాకు లేదు. పేజీ ఉందంటే నేనూ ఉన్నట్టే కదా అనుకునేవాణ్ని.)

ఆ రోజుల్లో అంటే మరీ వెనకటి రోజులనుకోకండి, నేను రిటైరైన తొలి ఏడాది మాట. కానీ నా యవ్వనం ఎప్పుడని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ ఏడాదే. పద్దెనిమిదేళ్లప్పుడు రాని ఉత్సాహం, తొందర, అన్నీ నాకే తెలుసన్న ధీమా యాభై ఎనిమిది దాటాక ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. జగిత్యాలలో ఒక ఆఫీసు రికార్డు గదిలో ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు సర్దిన చేతులు, ఊరికే ఉండమంటే ఉంటాయా? కోరుట్లలో ఇంటికి చేరిన మొదటి నెల వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు రాసి చీటీలు అంటించాను. ఉప్పేదో పప్పేదో నాకు తెలియదా అని మా ఆవిడ వాటిని పీకేసింది. రెండో నెల ఫోటోల మీద పడ్డాను.

దానికి కారణం మా తమ్ముని బిడ్డ. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో పని చేస్తుంది. పాటలు, సినిమాలు, ఫోటోలు అన్నీ కంప్యూటర్‌లో ఒకేచోట సర్దిపెట్టే ప్రోగ్రాం ఒకటి వాళ్లు తయారుచేస్తున్నారు. పాటల సంగతి బాగానే కుదిరిందట, ఫోటోల సంగతే ఇంకా బాగు చేయాలట. ఒక శనివారం వచ్చి దాన్ని నా కంప్యూటర్‌లో వేసి, "పెద్దబాపూ, తప్పులు పట్టుట్ల నీ అంతటోడు లేడు. దీన్ని వాడి ఏమేం బాగలేదో రాసియ్యి" అని చెప్పిపోయింది. నా జీవితంలో ఎవరైనా నన్ను తప్పులు పట్టమని అడగడం అదే మొదలు.

వంశంలోని పాత ఫోటోలన్నీ నా దగ్గరే ఉండేవి కనుక, వెయ్యికి పైగా ఫోటోలు రోజుకు ముప్పై చొప్పున స్కాన్ చేసి ఎక్కించాను. ఆ ప్రోగ్రాం ముఖాలను చూసి ఒక్కొక్క మనిషి ఫోటోలు ఒక్కొక్క కుప్పగా వేస్తుంది, కాలక్రమంలో పేరుస్తుంది. అనుమానం వస్తే రెండు ముఖాలు పక్కపక్కన చూపించి "ఈ ఇద్దరూ ఒకరేనా?" అని అడుగుతుంది. కింద అవును, కాదు అని రెండు మీటలుంటాయి. అడిగి మరీ పని చేసే ఈ గుణం నాకు ఎంతో నచ్చింది. (మా ఆఫీసులో ముప్పై నాలుగేళ్లలో నేను చూడని గుణం.)

నా సూచనలు తేదీ వేసి డైరీలో రాసి, ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి పంపేవాణ్ని. తేదీ తెలియని ఫోటోకు 'చెరువు తెగిన ఏడు' అని రాసినా ప్రోగ్రాం ఒప్పుకోవాలని ఒకటి. ఒకే మనిషి నాకు బావ, మా ఆవిడకు అన్నయ్య, అక్క కోడలికి మామయ్య గనుక చూసేవారిని బట్టి కింద పేరు మారాలని ఇంకొకటి. దానికి ఆ పిల్ల, "గది మనుషులకే సమజ్ కాదు పెద్దబాపూ, కంప్యూటర్‌కెట్ల చెప్పాలె" అంది. మూడోది మాత్రం ఆమెకు బాగా నచ్చింది. 'పోయినవారి పేరు ముందు కీ.శే. అని దానంతట అదే రావాలి. ఒకసారి పెట్టాక తీసే వీలు ఉండరాదు. కారణం: పోయినవారు తిరిగి రారు.' రెండు వారాల్లో ఆ సదుపాయం వచ్చేసింది. ఆ రోజు డైరీలో ఎర్ర సిరా వాడాను.

ఇక బావ సంగతి. ఇరవై ఆరేళ్లు దుబాయిలో పనిచేసి మూడు నెలల కిందట ఇక చాలని వచ్చేశాడు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లిన ఇంట్లో అన్ని రోజులూ ఉండడం ఆయనకు చేతకావడం లేదు. మంచినీళ్లు కావాలన్నా అడిగి తాగుతాడు. తిన్న పళ్లెం తనే కడుగుతాడు. మంచం మీద ఒక అంచున కూర్చుంటాడు, ఎవరో వచ్చి లేవమంటారన్నట్టు. పాత కంపెనీవాళ్లు మళ్లీ వీసా పంపుతామని కబురు పెట్టారు, నెలాఖరులోగా వస్తావా రావా చెప్పమన్నారు. బావ పోతానని అనలేదు, పోనని అనలేదు.

పెద్దక్క పోవద్దని అడ్డం పడే మనిషి కాదు. ఫోటోల సంచి పట్టుకుని బస్సులో కోరుట్లకు వచ్చింది. మా ఇంట్లో చాయ్ కూడా తాగకుండా, "తమ్మీ, గాయిన ఫోటోలన్ని ఒక్కతాన పెట్టి సూపెట్టు. గీ ఇంట్ల గాయిన ఎంతున్నడో గాయినకే తెల్వాలె. సూసినంక గూడ పోతనంటే పోనీ" అని చెప్పి తిరుగు బస్సు ఎక్కింది. అంత నమ్మకంతో నాకు ఏ అధికారీ ఏ ఫైలూ అప్పగించలేదు.

మా వైపు పెళ్లిళ్లలో ఒక పద్ధతుంది. ఇంటి పెద్ద గల్ఫులో ఉండి రాలేకపోతే, గ్రూపు ఫోటోకు అందరూ నిలబడినప్పుడు ముందు వరుసలో ఒక మనిషి పట్టేంత సందు విడిచిపెడతారు. తర్వాత స్టూడియో ఆయన పాత ఫోటోలోంచి ఆ మనిషిని కత్తిరించి సందులో అతికిస్తాడు. బావకు వాడింది ఒకే ఫోటో. మొదటిసారి పోయేముందు కోరుట్లలో దిగింది: నీలం గళ్ల అంగి, తల కొంచెం కుడివైపుకు వంచి, సగం నవ్వు. ఆ ఫోటో నా దగ్గర భద్రంగా ఉండేది. స్టూడియో ఆయనకు సంతకం తీసుకుని ఇచ్చి, సంతకం పెట్టి వాపసు తీసుకునేవాణ్ని. సెలవుకు వచ్చినప్పుడైనా ఇంకొక ఫోటో దిగమని బావకు చెప్పాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు, ఫైల్లో ఒకటి ఉంది కదా. కూతురి పెళ్లికీ ఆ అంగే, ఇల్లు కట్టినప్పుడూ ఆ అంగే, కొడుకు పెళ్లికీ ఆ అంగే. ఆఖరికి తన తల్లి దినాలనాడు దిగిన ఫోటోలో కూడా బావ ముందు వరుసలో సగం నవ్వుతూ ఉంటాడు. (స్టూడియో ఆయన దగ్గర ఏడుపు ముఖం బావ లేడు, నా దగ్గరా లేడు.)

రుద్రంగికి పోయే ముందు రోజు, శనివారం, పని దాదాపు అయిపోయింది. అక్క కొడుకు ఆ మధ్య తీసిన ఫోటోలు అయిదారు ఫోన్లో పంపాడు. వాటిని ఎక్కించగానే ప్రోగ్రాం ఒక పక్క నీలం అంగి బావను, ఇంకో పక్క గుండుతో, మీసం లేకుండా, పొలం గట్టున నిలబడ్డ ఒక ముసలాయన్ను చూపించి, ఈ ఇద్దరూ ఒకరేనా అని అడిగింది. నవ్వొచ్చింది. ఆ గుండాయన ఎవరో నాకు తెలియదా? బావకు అన్న, నాకు పెద్దబావ, కాలం చేసి ఎనిమిదేళ్లైంది. ఏటా వేములవాడలో తలనీలాలిచ్చేవాడు. ఏవో పాత ఫోటోలు కలిశాయనుకుని కాదు అని నొక్కాను. మళ్లీ అడిగింది. కాదు అన్నాను. మూడోసారీ అడిగింది. 'ఒకసారి చెప్పిన జవాబును యంత్రం గౌరవించాలి' అని డైరీలో ఫిర్యాదు రాసుకుని, వాటిని నేనే పెద్దబావ కుప్పలో వేశాను.

ఆదివారం పొద్దున రుద్రంగి చేరేసరికి బావ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. గుండు, మీసం లేదు. క్షేమంగా ఇల్లు చేరితే తలనీలాలిప్పిస్తానని అక్క ఎప్పుడో మొక్కుకుందట, పది రోజుల కిందటే మొక్కు తీర్చారట. నేను గుండు నిమిరి, ఎండకు హాయిగా ఉందా బావా అని కూడా అడిగాను. అయినా నాకు తట్టలేదు. శనివారం ముగించిన పనిని ఆదివారం అనుమానించే అలవాటు నాకు లేదు.

అక్క కొడుకు కంప్యూటర్‌ను టీవీకి కలిపాడు. బావ ఫోటోలు నలభై ఒకటి, కాలక్రమంలో. మొదట అందరూ నవ్వారు. పక్కింటాయన, "అన్నా, దుబాయిల నీకు ఒక్కటే అంగి ఇచ్చిన్రా" అన్నాడు. బావ కూడా నవ్వాడు. ఫోటోలు పోతున్నాయి. పిల్లలు పొడుగవుతున్నారు, అక్క జుట్టు తెల్లబడుతోంది, కళ్లజోడు వచ్చింది, నడుం కొంచెం వంగింది. బావ మాత్రం అదే అంగి, అదే వంపు, అదే సగం నవ్వు. ముప్పయ్యో ఫోటో దాటేసరికి అక్క ఆయన పక్కన ఆయనకే పెద్దక్కలా ఉంది. నవ్వులు ఆగిపోయాయి. ఆల్బంలో ఒక్కొక్కటి చూసినన్నాళ్లూ ఎవరికీ పట్టని సంగతి అది. వరుసగా పేర్చింది నేను.

అది చాలదన్నట్టు పోయినవారికీ ఒక నమస్కారం ఉంటుందని పెద్దబావ కుప్ప కూడా తెరిచాను. టీవీ నిండా పొలం గట్టున గుండు బావ. టీవీ కింద చాప మీద అదే గుండు బావ. బొమ్మ కింద పెద్ద అక్షరాలతో: కీ.శే. పెద్దబావ.

మా ఆవిడ దగ్గింది. బావ కొంతసేపు టీవీని చూసి, తీరిగ్గా నా వైపు తిరిగాడు.

"బామ్మర్దీ, నేను ఎన్నడు పోయిన్నో జర తారీఖు గూడ చెప్పు. నీ డైరీల ఉంటది గద."

ఇల్లంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక బావ తనలో తాను అనుకున్నట్టు, తప్పేం లేదు, అంగి ఉంది గని మనిషి లేడు కదా ఈ ఇంట్ల అన్నాడు. నలుగురిలో నోరు విప్పని పెద్దక్క అప్పుడు లేచి కొంగు సర్దుకుంది.

"అంగితోని ఇరువయ్యారేండ్లు ఎల్లదీసిన. మనిషి అచ్చినంక మల్ల అంగే మిగులాల్నా?"

అని లోపలికి పోయింది. ఆనాటి డైరీలో చివరి వాక్యం: 'కార్యక్రమం అనుకున్నట్టు జరగలేదు.'

మర్నాడు పొద్దున తప్పు దిద్దుదామని అక్క ఇంటి అరుగు మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను. బావ గుమ్మం ముందర వేపపుల్ల నములుతున్నాడు. ఆ ప్రశ్నను వెతికి పట్టుకుని, ఈసారి అవును అని నొక్కాను. ప్రోగ్రాం ఎంత విధేయురాలో! అంగి బావ, గుండు బావ, పోయిన పెద్దబావ ముగ్గురూ ఒకే మనిషై కూర్చున్నారు, కీ.శే. అందరికీ అంటుకుంది. కూతురి పెళ్లిలో తండ్రికి కీ.శే., గృహప్రవేశంలో యజమానికి కీ.శే. తీసేద్దామంటే మీట లేదు. తమ్ముని బిడ్డకు ఫోన్ చేశాను. చాలాసేపు నవ్వి, "నువ్వే గద పెద్దబాపూ, తీసే వీలు ఉండొద్దని రాసిచ్చినవు. పేజీ ఫోటో నా తాన్నే ఉంది" అంది. మరి మార్చేదెప్పుడంటే, కొత్తది రావడానికి మూడు నెలలు పడుతుందట.

బావ పుక్కిలించి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అంచున కాదు, గోడకు ఆనుకుని.

"ఏమంటది బిడ్డ?"

చెప్పాను. మూడు నెలలదాకా కంప్యూటర్‌లో మాత్రం ఇలాగే ఉంటావు బావా, ఏమనుకోకు అన్నాను. ఆయన తువ్వాలతో గుండు తుడుచుకుంటూ వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు.

"విన్నవానే? మూడు నెలలదాక నేను సచ్చినోణ్ణేనట. సచ్చినోనికి వీసా ఎవడిస్తడు? గా కంపెనోళ్లకు రానని చెప్త."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కాస్సేపటికి కోడలు చాయ్ తెచ్చిచ్చింది. బావ ఒక గుటక తాగి, గ్లాసు తిరిగి ఆమె చేతికిచ్చి, సక్కెర తక్కువైంది, ఇంకింత ఎయ్యుమను అన్నాడు. మూడు నెలల్లో ఆ ఇంట్లో ఆయన ఒక వస్తువు బాగాలేదనడం అదే మొదటిసారని మా ఆవిడ తర్వాత చెప్పింది.

"సచ్చినోనికి సక్కెరెందుకో" అని లోపలినుంచి అక్క గొంతు వినిపించింది. చక్కెర మాత్రం వచ్చింది.

మేం బయల్దేరే ముందు అక్క కొడుకు అందర్నీ అరుగు ముందర నిలబెట్టాడు. అలవాటు కొద్దీ ముందు వరుసలో ఒక మనిషి పట్టేంత సందు విడిచారు. బావ వచ్చి అందులో నిలబడ్డాడు. ఎప్పుడూ ఫోటో బయటే ఉండేవాణ్ని, ఆ పూట నన్ను కూడా లాగి చివరన నిలబెట్టారు. ఫోటోను అక్కడే ఎక్కించి చూశాను. ప్రోగ్రాం బావను గుండుతోనే గుర్తుపట్టింది. (కీ.శే.తో సహా.) అక్కను, కోడల్ని, మా ఆవిడను, అందర్నీ గుర్తుపట్టింది. చివరన ఒక్కడి దగ్గర ఆగింది. చంకలో డైరీ పెట్టుకుని, ఎటో చూస్తూ, తనకే అన్నీ తెలుసన్న ముఖంతో ఒక ముసలాయన. 'కొత్త వ్యక్తి. పేరు రాయండి.'

ఎవరబ్బా ఈయన అని నేను కూడా ఒక క్షణం ఆలోచించాను. తర్వాత డైరీ తెరిచి తేదీ వేసి, హాజరైనవారి పేర్లు రాసి, ఆ వరుస చివర 'నేను' అని చేర్చాను.