మిరపకాయల బుట్టలో బెల్లం

మా ఆయన నన్ను కొడుతున్నాడంటే ఒంట్లో షుగరు పడిపోతోందని అర్థం. మామూలప్పుడు చెయ్యెత్తే మనిషి కాడు. మాచర్ల దగ్గర నాపరాయి క్వారీలో ఏళ్ళ తరబడి సమ్మెట కొట్టిన చేతులవి. ఒకరోజు రాతిపలక జారి నడుం మీద పడింది. అప్పట్నుంచీ నడుం కింద చీమ కుట్టినా ఆయనకు తెలియదు. పైన మాత్రం క్వారీ బలం అలాగే ఉండిపోయింది. ఆ బలమంతా మంచం పక్కన నిలబడే నాకే దఖలు పడింది.

షుగరు అంతకుముందే ఉంది. మంచాన పడ్డాక మాత్రలకు లొంగక ఇన్సులిన్ దాకా వచ్చింది. పొట్ట మీద సూది నేనే వేస్తాను. వేశాక అరగంటలో ముద్ద లోపలికి పోవాలి. పోకపోతే ముందు చెమట, తర్వాత తిట్లు, ఆ తర్వాత దెబ్బలు. మాట తెలిసేటప్పుడే ఇంత బెల్లమో చక్కెరో నోట్లో పెట్టాలని, చెయ్యి వాలిపోయి స్పృహ తప్పితే మనిషి దక్కడం కష్టమని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. అందుకే ఆయన కొట్టినంతసేపూ నాకు ధైర్యంగానే ఉంటుంది. మంచంలో ఉన్న మొగుడి చేత కూడా తన్నులు తింటోందంటే ఆ ఆడది ఎలాంటిదో అని వీధిలో అనుకుంటారు. అనుకోనీ. ఆ నోళ్ళన్నీ కుట్టడానికి నా దగ్గరున్న సూదులు చాలవు.

నా మరిది నూజెండ్లలో ఉంటాడు, లారీ తోలతాడు. అన్నంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా మా వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూస్తాడు. కిందటిసారి బెల్లం డబ్బా దొరికింది.

"షుగరు మనిషుండే ఇంట్లో ఇదేంది వదినా? మా అన్నని చంపుదామనా?" అని తీసుకెళ్ళి గేదె కుడితిలో బోర్లించాడు.

"పడిపోయినప్పుడు అదే మందు అబ్బాయా" అన్నాను.

"షుగరుకి బెల్లం మందా? నా చెవిలో పూలు పెట్టబాక."

మా ఆయన కూడా తమ్ముడి మాటకే తలూపాడు. వాళ్ళిద్దరికీ షుగరంటే తీపి తిని తెచ్చుకునే రోగం, తీపి మానేస్తే పోయే రోగం. ఇక వాదించడం మానేసి, ఒక బెల్లం దిమ్మ గుడ్డలో మూటగట్టి మిరపకాయల బుట్ట అడుగున దాచాను. కోతల రోజుల్లో తొడిమెలు తీయడానికి ఇంటికి తెచ్చుకునే ఎండుకాయలవి. ఆ ఘాటుకి మా మరిది బుట్ట జోలికి రాడని నా తెలివి.

ఆ తర్వాత ఒక పొద్దున మరిది మళ్ళీ దిగాడు. అప్పటికే సూది వేసి, ఉప్మా పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టాను. "టీ కొట్టు దాకా పోయొస్తా అన్నా, కలిసి తిందాం" అని మరిది అటే వెళ్ళాడు. మా ఆయన పళ్ళెం పక్కకు నెట్టేశాడు.

"సూది వేశానయ్యా, తిను" అన్నాను.

"ఇంటికొచ్చిన తమ్ముణ్ణి వదిలేసి నేను ముందు తింటే ఏం మర్యాదే? ఇప్పుడే వస్తాడు."

మా వైపు టీ కొట్లో ఎన్నికల మాట మొదలైతే ఇప్పుడే రావడం ఎవరి తరమూ కాదు. ఎవరి మీద ఏ కేసు పెట్టారో తేలేదాకా లేవరు. బతిమాలాను, కోప్పడ్డాను. ఆయన వినలేదు. ఒక కన్ను వీధి మీద, ఒక కన్ను ఆయన మీద పెట్టి మిరపకాయల తొడిమెలు తీస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయన నుదురు తడిసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎవరే నువ్వు? నా ఇంట్లో నీకేం పని?" అన్నాడు.

ఉప్మా నోటి దగ్గర పెడితే పళ్ళెం లాక్కుని నా మొహాన కొట్టాడు. పై పెదవి చిట్లింది. బుట్ట బోర్లించి బెల్లం మూట విప్పాను. చేతులు కడుక్కోవాలని కూడా తోచలేదు. కారం చేతుల్తోనే ఒక ముక్క విరిచి నోట్లో కుక్కాను. నోరు భగ్గుమంది కాబోలు, ఊసేసి పెద్దగా అరిచాడు. పిడికిలితో నా డొక్కలో గుద్దాడు. మళ్ళీ కుక్కాను.

సరిగ్గా అప్పుడే మరిది గుమ్మంలోకి వచ్చాడు. అన్న కేకలు పెడుతున్నాడు, వదిన నోట్లో బెల్లం కుక్కుతోంది, వేళ్ళ నిండా కారం. ఇంకేం కావాలి? జుట్టు పట్టి వెనక్కి లాగి చెంప పగలగొట్టాడు. కింద పడితే వీపు మీద తన్నాడు. "పీడ వదిలించుకుందామనుకున్నావా!" అంటూ బెల్లాన్ని కాలితో తొక్కాడు. నాకు నొప్పి కంటే మంట ఎక్కువైంది. అక్కడ మనిషి పోతున్నాడు, వీడు మందును తొక్కుతున్నాడు. చేతికి పచ్చడి బండ తగిలింది. దాంతో వాడి మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చాను. కూలబడ్డాడు.

"చంపేస్తందయ్యో, మా అన్నని చంపేస్తంది!" అని వాడు వీధికి వినపడేలా మొత్తుకున్నాడు. గుమ్మం నిండా జనం పోగయ్యారు, లోపలికి ఒక్కరూ రాలేదు. నేను బెల్లం ముక్కలు ఏరుకుని మంచం ఎక్కి, ఆయన కుడిచెయ్యి నా మోకాలి కింద అదిమి, చిగుళ్ళ సందున రుద్దాను. వేలు కొరికాడు. కొరకనిచ్చి రుద్దుతూనే ఉన్నాను. రెండో చేత్తో నా మెడ పట్టుకున్నాడు. ఊపిరాడలేదు. అయినా ఆ పట్టు ఉన్నంతసేపూ భయం వెయ్యలేదు.

ఉన్నట్టుండి పట్టు సడలింది. చెయ్యి జారి మంచం మీద పడింది. దక్కాడా, పోయాడా? అంత భయం నా బతుకులో ఎరగను. క్వారీ నుంచి ఆయన్ని మోసుకొచ్చిన రోజు కూడా అంత భయపడలేదు.

"ఏమే, నోరు మండతంది. కాసిని నీళ్ళియ్యి."

బావురుమన్నాను. నీళ్ళు తాగించి, గిన్నెలో మిగిలిన ఉప్మా పెడుతుంటే అప్పుడు నా మొహం చూశాడు. "ఎవుడే నిన్ను ఇట్టా కొట్టింది? చెప్పు, ఆ నా కొడుకుని నరుకుతా!"

"పెదవి నువ్వు చేసింది. మెడ మీద గోళ్ళు నీయే. చెంప నీ తమ్ముడిది. ఎవుర్ని ముందు నరుకుతావో నరుకు."

మరిది నేల మీద పాక్కుంటూ మిగిలిన బెల్లం ముక్కలు ఏరి, చొక్కాతో తుడిచి, అన్న తలగడ పక్కన పెట్టాడు. మా ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"రేపట్నించి నా చేతులు మంచానికి కట్టేసి సూది వెయ్యవే" అన్నాడు.

"కట్టను. నువ్వు కొట్టకపోతే, పోతన్నావని నాకెట్టా తెలుస్తది?" అన్నాను.